ఎవరూ వేయని మూడు

ఎనభైల నడుమ మూడేళ్ళు నేను నల్లపాడు స్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్న ఒక మిరపకాయల కొట్టంలో గుమాస్తాగా పనిచేశాను. బస్తా రాగానే రైతు ఊరు, కాయ రకం, వరస నంబరు ఒక అట్టముక్క మీద రాసి బస్తా మూతికి కట్టడం నా పని. కాయ వచ్చే నెలల్లో ఊపిరాడేది కాదు. మిగతా నెలల్లో సాయంత్రం అయిదింటికి సైకిలెక్కితే ఆరు లోపే గుంటూరులో శాఖా గ్రంథాలయం బల్ల ముందు ఉండేవాణ్ణి.

నా బడి చదువు పదో తరగతితో ఆగింది. ఆ తరవాతి చదువంతా ఆ గ్రంథాలయంలో జరిగింది. ఈ మాట చెప్పుకోవడం నాకు ఇప్పటికీ ఇష్టమే. కథల పుస్తకాల బీరువా దగ్గర ఎప్పుడూ నలుగురు నిలబడి ఉండేవారు. శాస్త్రాల బీరువా తాళం మాత్రం నా కోసమే తీసేవారు. గ్రహణాలు ఎందుకు వస్తాయో, పత్తికాయలో పురుగు ఎన్ని రోజులకు బయటికి వస్తుందో, ఓటు రహస్యంగా ఎందుకు వేయించాలో అన్నీ అక్కడే చదివాను. గణాంక శాస్త్రం మీద డిగ్రీ పిల్లల కోసం రాసిన పుస్తకం ఒకటి ఉండేది. దాని వెనక అంటించిన తేదీల కాగితం మీద నాకు ముందు ఒక్క ముద్రే ఉంది. నేను నాలుగుసార్లు తెచ్చుకున్నాను. సగటును అంకమధ్యమం అంటారని, దాన్ని ఎలా కట్టాలో, మొదటి అధ్యాయం మొత్తం నోటికి వచ్చేది. వెనక అధ్యాయాలు కష్టంగా ఉండి తిప్పేసేవాణ్ణి.

కొట్టంలో ఆడవాళ్ళు ఆరు ముఠాలుగా పనిచేసేవారు. ముఠాకి పదిమందో పన్నెండుమందో. ఒక్కో ముఠాకీ ఒక మేస్త్రి, ఆమె కూడా ఆడమనిషే. ఊళ్ళో మనుషుల్ని కూడగట్టడం, వాళ్ళను తీసుకురావడం, కొట్టంలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో చెప్పడం, సాయంత్రం మళ్ళీ ఇళ్ళకు చేర్చడం మేస్త్రి బాధ్యత. అయిదు ముఠాలు కాయల తొడిమలు తీసేవి. నాలుగో ముఠాకి మాత్రం రెండు పనులు. ఆరుగురు తొడిమలు తీసేవారు, ఆరుగురు తాలు ఏరేవారు. తాలు అంటే రంగు పోయి తెల్లబారిన కాయ. తాలు ఏరేవాళ్ళ ముందు ఒక చాట, ఎడమ పక్కన అడ్డంగా కోసిన నూనె డబ్బా ఉండేవి. మంచికాయ చాటలోనే ఉంటుంది. తాలుకాయ డబ్బాలోకి పోతుంది. వాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుతూ, డబ్బా వైపు చూడకుండానే వేసేవారు. ఒక్క కాయ కింద పడగా నేను చూడలేదు.

ఆ నాలుగో ముఠా అంతా రెండు స్టేషన్ల అవతల ఒకే ఊరివాళ్ళు. పొద్దున పాసింజరుకు దిగి, సాయంత్రం పాసింజరుకు ఎక్కేవారు. మేస్త్రికి యాభై ఏళ్ళుంటాయి. వాళ్ళ ఊరి చర్చిలో ఆడవాళ్ళ కూటానికి ఆమే పెద్ద. కాయ ఎంత ముంచుకొచ్చినా ఆ ముఠా ఆదివారం పనికి రాదు. యజమానికి ఆ ముఠా మీద ఉన్న కోపమల్లా అదే. ముఠాలో ఆమె సొంత చెల్లెలు కూడా ఉండేది. ఆమె తాలు ఏరే వరసలో, బస్తాలు కుమ్మరించే చోటుకి ఆనుకుని కూర్చునేది. ఘాటు దుమ్మంతా లేచేది అక్కడే. ముక్కుకీ నోటికీ గుడ్డ కట్టుకున్నా ఆమెకు దగ్గు ఆగేది కాదు.

ఒక ఏడాది కాయ రాక సగం తగ్గాక, విశ్వవిద్యాలయం నుంచి ఒక మేడం వచ్చారు. డాక్టరేటు కోసం పరిశోధన చేస్తున్నారు. పనివాళ్ళు కలిసి పనిచేసే చోట ముఠా బాగోగులు ఎలా కొలవాలి అన్నది ఆవిడ విషయం. యజమాని ఆవిడను కుర్చీలో కూర్చోబెట్టి, సోడా తెప్పించి, ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు.

"ఏ ముఠా ఎట్టా ఉందో నాక్కూడా చెప్పాలమ్మా. బాగాలేని ముఠా ఉంటే విడగొట్టి మిగతావాటిల్లో కలిపేస్తా. మేస్త్రిని పంపించేస్తా."

"ముఠా మార్కు చెప్తాను. ఏ మనిషి ఎంత వేసిందో మాత్రం చెప్పను," అన్నారు ఆవిడ.

"మనుషులతో నాకేం పనిలెండి," అన్నాడు యజమాని.

నాకు చదువంటే ఇష్టమని తెలిసి నన్ను ఆవిడకు సాయం పెట్టాడు. ఆవిడ ప్రశ్నల కాగితం నాకు చూపించారు. ప్రశ్నలు చాలానే ఉన్నాయి. అన్నిటికీ ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు. ఒకటంటే అసలు లేదు, అయిదంటే పూర్తిగా ఉంది. ఒక ప్రశ్న దగ్గర ఆవిడ పెన్సిలుతో గీత గీసి ఉంచారు. 'మీ మేస్త్రి అందరినీ సమానంగా చూస్తుందా?'

"నిన్ను ఎలా చూస్తుంది అని అడగాలి గదండీ?" అన్నాను.

"అలా అడిగితే ఎవరి సంగతి వాళ్ళు చెప్తారు. నాకు కావలసింది ముఠా సంగతి. ముఠాకి నోరు లేదు గదా. మనుషుల్ని అడిగే ముఠా గురించి తెలుసుకోవాలి. అందుకని 'అందరినీ' అని అడుగుతున్నా."

"అందరి మార్కులూ కలిపి సగటు కడితే ముఠా మార్కు వస్తుంది. అంకమధ్యమం."

ఆవిడ నా వైపు చూశారు. "ఎంతవరకు చదివారు?"

"పదో తరగతండీ. మిగతాది గ్రంథాలయంలో."

ఆవిడ నవ్వలేదు. ఆ రోజంతా నాకు అదే పెద్ద బహుమతి. "సగటు కట్టొచ్చు. కట్టేముందు వాళ్ళ మాటలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయో లేదో చూడాలి," అన్నారు. ఈ రెండో వాక్యం నేను విన్నానే గాని పట్టించుకోలేదు.

చిక్కు ఇంకొకటి ఉంది. చాలామందికి చదువు రాదు. మిగతా ప్రశ్నలు ఆవిడ అడిగి రాసుకోవచ్చు గాని, ఆ ప్రశ్నకు జవాబు మేస్త్రి ముందు పైకి చెప్పలేరు. అప్పుడు నేను ఒక ఉపాయం చెప్పాను. ఓట్ల గురించి చదివింది గుర్తుండి తట్టింది. ఒక మూల గోనెపట్టాలు పరదాగా కట్టాలి. లోపల ఒక చాటలో అయిదు మిరపకాయలు, పక్కన ఒక డబ్బా. ఒక్కొక్కళ్ళు లోపలికి వెళ్ళి ఎన్ని మార్కులు వేయదలిస్తే అన్ని కాయలు డబ్బాలో వేసి రావాలి. కనీసం ఒకటి పడాలి. వాళ్ళు వచ్చాక నేను వెళ్ళి లెక్కపెట్టి, పేరు లేకుండా వరస నంబరు ఎదురుగా రాసుకుంటాను. మేడం చాలా బాగుందన్నారు. డబ్బా కోసం వెతకక్కర్లేకపోయింది. తాలు డబ్బాలు కొట్టంలోనే ఉన్నాయి. ఒకటి కడిగి పెట్టాను.

ఆరు ముఠాలూ రెండు రోజుల్లో అయిపోయాయి. నాలుగో ముఠాలో తొడిమలు తీసే ఆరుగురూ ముందు వచ్చారు, తాలు ఏరే ఆరుగురూ వెనక. మేస్త్రి చెల్లెలిది పదో నంబరు. ఆమె మిగతావాళ్ళకన్నా ఎక్కువసేపు లోపల ఉంది. దగ్గు వినిపించింది.

మేడం ప్రతి కాగితానికీ నకలు నా దగ్గర ఉంచి, సగటులు కట్టి పెట్టమని చెప్పి విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. శనివారం వస్తానన్నారు. "నేను చూసేదాకా ఎవరికీ చూపించకండి," అని కూడా అన్నారు.

ఆ సాయంత్రమే గ్రంథాలయం బల్ల మీద కూర్చుని ఆరు సగటులూ కట్టాను. గీతలు కొట్టి, ఎర్రసిరాతో తలకట్టు రాశాను. అయిదు ముఠాలకు మూడున్నర పైనే వచ్చింది. నాలుగో ముఠాకి ముప్పయ్యారుని పన్నెండుతో భాగిస్తే సరిగ్గా మూడు.

మర్నాడు యజమాని అడిగాడు. "ఏందయ్యా, మీ పరీక్షలు ఏమైనై?"

మేడం చెప్పిన మాట నాకు గుర్తుంది. అయినా ఎర్రసిరా కాగితం జేబులోనే ఉంది. ఆ రోజుదాకా యజమాని నన్ను బస్తాల సంగతి తప్ప ఇంకేమీ అడగలేదు. తీసి చూపించాను. అంకమధ్యమం అంటే ఏమిటో కూడా వివరించాను. ఆయన కాగితం మీద వేలు జరుపుకుంటూ వచ్చి నాలుగో వరస దగ్గర ఆపాడు.

"నేననుకుంటానే ఉన్నా. ఆదివారాల ముఠా. సోమవారం నుంచి విడగొట్టేద్దాం. ముఠాకి ఇద్దరూ ముగ్గురూ చొప్పున పంచెయ్."

కాగితం ఆయనే ఉంచుకున్నాడు.

పంచేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. ఒక్కో ముఠా ఒక్కో వేళకు పని దిగుతుంది. వేరువేరు మేస్త్రుల కింద ఉంటే పన్నెండుమందీ ఒకే పాసింజరు అందుకోలేరు. మేస్త్రి వెంట ఉంటుందన్న ధైర్యంతోనే ఆ ముఠాలో సగం మందిని ఇళ్ళవాళ్ళు పంపుతున్నారు. మేస్త్రి లేకపోతే ఆ సగం మంది పనికి రారు. మేస్త్రికైతే కొట్టంలో చోటే ఉండదు.

మధ్యాహ్నం విడి మార్కుల కాగితం తీసి మళ్ళీ చూశాను. సగటు తప్పు కట్టానేమో అన్న ఆశ. తప్పు కట్టలేదు. అయితే ముందురోజు కళ్ళ ముందే ఉన్నా చూడని సంగతి ఒకటి కనిపించింది. మొదటి ఆరుగురు అయిదు, అయిదు, అయిదు, అయిదు, నాలుగు, అయిదు వేశారు. తరవాతి ఆరుగురు ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, ఒకటి, ఒకటి. ముఠా మార్కు మూడు. కాని ఆ ముఠాలో మూడు వేసిన మనిషి ఒక్కరూ లేరు.

ఆ సాయంత్రం ఎప్పుడూ తిప్పేసే వెనక అధ్యాయాలు తీశాను. విచలనం గురించి ఉంది. అంకెలు సగటు నుంచి ఎంత దూరం చెదిరి ఉన్నాయో చూడకపోతే సగటు మోసం చేస్తుందని అర్థం వచ్చేలా రాసి ఉంది. మేడం చెప్పిన రెండో వాక్యం అప్పుడు గుర్తొచ్చింది. చదివిందాన్ని బట్టి నాకు ఒక తీర్మానం కూడా తట్టింది. ఇది ఒక ముఠా కాదు, రెండు. తొడిమల వరసకు మేస్త్రి అంటే ప్రాణం, తాలు వరసకు గిట్టదు. ఇంత బాగా కనిపెట్టినందుకు ఇంటికి వెళ్ళేటప్పుడు సైకిలు తేలిగ్గా నడిచింది.

మర్నాడు పొద్దున పాసింజరు దిగగానే మేస్త్రి నా బల్ల దగ్గరికి వచ్చింది. ముఠా విడగొడతారన్న మాట అప్పటికే కొట్టం దాటి వాళ్ళ ఊరికి వెళ్ళింది.

"బాబూ, మాకు మూడు మార్కులొచ్చినయ్యంటగా. మూడంటే ఎంత?"

"అయిదుకి మూడు. మధ్యరకం, మేస్త్రమ్మా."

"మధ్యరకమని ఎవురన్నారు?"

"ఎవరూ అనలేదు. సగం మంది చాలా మంచిదన్నారు. సగం మంది అసలు బాగాలేదన్నారు. రెండూ కలిపితే మూడు."

ఆమె నేను అట్టముక్క కడుతున్న బస్తా మీద చెయ్యి వేసింది.

"ఇందులో సగం ఎర్రకాయ, సగం తాలు పోశావనుకో. కొనేవాడొచ్చి చెయ్యిపెట్టి చూస్తే మధ్యరకం బస్తా అంటాడా? కలగలుపు అని పక్కకు తోస్తాడు. మధ్యరకం కాయ వేరే ఉంటది గదా, బాబూ. మీ మేడమ్మకి ఆ మాత్రం తెలవదా?"

పుస్తకంలో పదిహేను పేజీలున్న సంగతి ఆమె బస్తా మీద చెయ్యి తీయకుండా చెప్పింది. నేను తల ఊపాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది.

"తాలు ఏదో చెప్పు మరి," అంది. "ఏ సగం?"

పేర్లు చెప్పకూడదని నాకు తెలుసు. పేర్లు చెప్పలేదు. "తాలు ఏరే వరస," అన్నాను.

ఆమె పైట సర్దుకుని లోపలికి వెళ్ళింది. తాలు ఏరే వరసలో ఆ చివర ఆమె చెల్లెలు అప్పటికే గుడ్డ కట్టుకుని కూర్చుని ఉంది.

మధ్యాహ్నం అన్నాల వేళ దాకా ఏమీ జరగలేదు. రోజూ పన్నెండుమందీ గుండ్రంగా కూర్చుని, కూరలు మార్చుకుంటూ తినేవారు. మేస్త్రి ప్రార్థన చేసేది. ఆ రోజు ఆమె ప్రార్థన చేసి, తన గిన్నె తీసుకుని తొడిమల వరస వైపు వెళ్ళి కూర్చుంది.

"ఏందక్కా, అటు పోయావు?" అంది తాలు వరసలో ఒకామె, నోరుగల మనిషి.

"నేనంటే గిట్టనోళ్ళ మధ్యలో ముద్ద దిగదే, నాకు."

"ఎవురికి గిట్టదు?"

"ఒకటేశారంటగా, ఒకటి! అయిదుకి ఒకటి! నీ కాన్పప్పుడు రెండు రాత్రులు నీ మంచం కాడ కూర్చుంది ఎవురే?"

"ఓయమ్మో! నేను ఒకటేశానా? ఎవుడా మాటన్నది?"

అందరూ నా బల్ల వైపు చూశారు. నేను అట్టముక్క మీద ఏదో రాస్తున్నట్టు తల దించుకున్నాను. ఏం రాశానో గుర్తులేదు.

"ఏమయ్యో గుమాస్తా! ఇట్టారా! నేను ఒకటేశానని నువ్వా చెప్పింది?"

వెళ్ళక తప్పలేదు. "డబ్బాలో ఒక్క కాయే ఉందమ్మా," అన్నాను.

"ఒకటే ఉంటది మరి! ఒకటన్నా పడాలని నువ్వేగా అన్నావు! ఏది పారేద్దామా అని చూసి చూసి, తొడిమ దగ్గర కొంచెం మచ్చున్న కాయ తీసి పడేశా. తతిమ్మా నాలుగూ చాటలోనే ఉంచా గదా!"

"నేనూ అంతేగా," అంది పక్కామె. "కాయలన్నీ బానే ఉన్నై. ఒకటి పారేయాలంటే మనసొప్పలా. అక్కకి తగ్గిచ్చి వేయడమెందుకని."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. వాళ్ళ ముందు పెట్టిన చాట వాళ్ళ చాటే. డబ్బా వాళ్ళ తాలు డబ్బానే, నేను కడిగి పెట్టింది. ఏళ్ళ తరబడి ఆ చేతులు మంచిది చాటలో ఉంచి, పనికిరానిది డబ్బాలో వేస్తున్నాయి. మార్కులు డబ్బాలో వేయమని నేను నోటితో చెప్పాను. చేతులు నా మాట వినలేదు. వాళ్ళు మేస్త్రికి ఇచ్చిన మార్కులు చాటలో ఉండిపోయాయి. కోసేసిన మార్కులు డబ్బాలో పడ్డాయి. నేను డబ్బా లెక్కపెట్టుకున్నాను.

తొడిమల వరసవాళ్ళకు డబ్బాతో పని లేదు కాబట్టి వాళ్ళు చెప్పినట్టే చేశారు. మిగతా ముఠాల్లో తాలు ఏరేవాళ్ళే లేరు. తప్పు ఈ ఆరుగురి దగ్గరే జరగడానికి వీలుంది, అక్కడే జరిగింది. రెండు ముఠాలున్నాయని నేను కనిపెట్టింది నిజమే. కాని అవి మేస్త్రి చేసినవి కావు. నేను కడిగి పెట్టిన డబ్బా చేసినవి.

ఈ సంగతి అక్కడే నిలబడి చెప్పాను. నోరుగల మనిషి తలబాదుకుంది. "ఇంతోటిదానికి పుస్తకాలు చదవాలా, నాయనా! మా ఇంట్లో ముసల్దాన్నడిగినా చెప్పేది, తాలు డబ్బాలో మంచి కాయలు ఎవురేస్తారని!" అందరూ నవ్వారు. మేస్త్రి నవ్వలేదు గాని, గిన్నె తీసుకుని మళ్ళీ గుండ్రంలోకి వచ్చి కూర్చుంది. చెల్లెలి గిన్నెలో కొంచెం పప్పు వేసింది. ఇంతసేపూ ఆ చెల్లెలు ఒక్క మాటా మాట్లాడలేదు.

సాయంత్రం యజమాని దగ్గరికి వెళ్ళి తప్పు నాదేనని చెప్పాను. ఆయన ఎర్రసిరా కాగితం బల్ల మీద పరిచి చూశాడు.

"కాయితం మీద మూడని రాసింది నువ్వేగా?"

"నేనేనండి."

"ఇప్పుడు కాదంటున్నది?"

"నేనేనండి."

"మరి దేన్ని నమ్మమంటావయ్యా?"

ఆయనే కాగితం మడిచి పక్కన పెట్టాడు. శనివారం మేడం వచ్చాక ఆవిడ ముందు మళ్ళీ వేయిస్తే చూస్తానన్నాడు. అప్పటిదాకా సోమవారం మాట మారదన్నాడు.

శనివారం మేడం వచ్చారు. నేను జరిగిందంతా వరసగా చెప్పాను. యజమానికి కాగితం చూపించిన సంగతి, మేస్త్రికి వరస పేరు చెప్పిన సంగతి కూడా. ఆవిడ విడి మార్కుల కాగితం తీసి చూశారు.

"డబ్బా తప్పుకి మిమ్మల్ని అననండి. ఆ ఉపాయం నేను కూడా ఒప్పుకున్నదే. చూపించవద్దన్నది చూపించారు చూడండి, అది తప్పు," అన్నారు.

ఈసారి డబ్బా తీసేశాం. రెండు స్టీలు గ్లాసులు తెప్పించి, ఒకదాని మీద గుడ్డ కట్టి చిల్లు పెట్టాం. కాయల బదులు రెండో గ్లాసులో అయిదు చింతగింజలు; వేసే మార్కులు ఆ చిల్లులోంచి పడాలి. ఆవిడే ఒక్కొక్కరికీ విడిగా చెప్పి లోపలికి పంపారు. నేను ఈసారి లెక్కపెట్టలేదు. ఆవిడే లెక్కపెట్టారు. పక్కన నిలబడి రాసుకున్నాను. అయిదు. అయిదు. అయిదు. తొమ్మిదో మనిషి దాకా వచ్చేసరికి ఆవిడకు అనుమానం వచ్చిందని ముఖం చూస్తేనే తెలుస్తోంది. పదో మనిషి మేస్త్రి చెల్లెలు. ఆమె వెళ్ళి వెంటనే వచ్చేసింది. అయిదు. పన్నెండుమందీ అయిదు.

యజమాని వచ్చి చూసి గట్టిగా నవ్వాడు. "పాసింజర్లో కూర్చుని అంతా అనుకుని వచ్చారన్నమాట."

"అనుకునే ఉంటారు," అన్నారు మేడం.

"అయితే ఇది తప్పుడు లెక్కేనా?"

"నా పరిశోధనకు పనికిరాదండి. పన్నెండుమంది విడివిడిగా చెప్పి, ఆ మాటలు ఒకచోటికి వస్తే అది ముఠా మాటని నేను రాయగలను. ముందే కలిసి చెప్తే ఎవరి మాట ఏదో నాకు తెలియదు. ఈ ముఠాని వదిలేసి అయిదు ముఠాలతోనే రాసుకుంటాను."

యజమాని గ్లాసులోని చింతగింజలు అరచేతిలో పోసుకుని కాసేపు చూశాడు. "మీకు పనికిరాకపోతే పోయింది. నాకు పనికొస్తది. పన్నెండుమంది ఆడోళ్ళని ఒక్క మాట మీద నిలబెట్టే మేస్త్రిని పంపిస్తే నాకంటే తెలివితక్కువోడు ఉండడు." ఎర్రసిరా కాగితం నా చేతిలో పెట్టి, "సోమవారం పంచడం లేదు. ఆ కాయితం చించెయ్," అన్నాడు.

అలా నాలుగో ముఠా మిగిలింది. మర్నాడు ఆదివారం, వాళ్ళు రాలేదు.

ఎర్రసిరా కాగితం చించేశాను. విడి మార్కుల కాగితం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. వారం తరవాత అది మళ్ళీ తీసి, డబ్బాలో పడ్డవాటిని కోసిన మార్కులుగా లెక్క సరిచేసి చూశాను. తాలు వరసలో అయిదుగురు ఒక్కటే కోశారు, అది కూడా నేను తప్పదన్నందుకు. ఒకరు మాత్రం రెండు కోశారు. ఒకటి నా నిబంధన. రెండోది ఆమె మాట. పదో నంబరు.

ఆమెను అడగాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను. మేడం అన్న మాట గుర్తుంది. కాని ఇది ఎవరికో చెప్పడం కాదు, ఆమెనే అడగడం అనుకున్నాను. ఒకరోజు మిగతావాళ్ళు కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటుండగా ఆమె ఒక్కతే దగ్గుతూ వెనక వస్తోంది.

"మొదటిసారి నువ్వు రెండు కాయలు వేశావు గదమ్మా. రెండోది ఎందుకో?"

ఆమె అటూ ఇటూ చూసింది. "అందర్నీ సమానంగా చూస్తదా అనడిగారు. అందర్నీ చూస్తది. నన్ను కాక. సొంత చెల్లెల్ని నీడపట్టున కూర్చోబెట్టిందని ఎవురన్నా అంటారని ఏడేళ్ళనించి నన్ను ఆ దుమ్ములోనే పెట్టింది. వేరేవోళ్ళనైతే నెలకొకళ్ళని మార్చేది."

"మరి రెండోసారి అయిదు వేశావే?"

"ముఠా ఉండాలి గదయ్యా. నా దగ్గు నాది." పైట చెంగుతో మూతి తుడుచుకుంది. "అక్కతో చెప్పమాక."

చెప్పలేదు. అప్పటికి చెప్పకుండా ఉండడం నేర్చుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, అప్పుడు మాత్రం చెప్పి ఉండవలసిందేమో అనిపిస్తుంది. ఆ కొట్టంలో నేనున్న మిగతా కాలమంతా ఆమె ఆ చివరే కూర్చుంది. బస్తా కుమ్మరించినప్పుడల్లా ఎర్రటి దుమ్ము లేచేది. ఆమె ఒక పక్కకు తిరిగి దగ్గేది. ఎడమ చెయ్యి మాత్రం ఆగకుండా, డబ్బా వైపు చూడకుండా, తాలుకాయలు వేస్తూనే ఉండేది.